తీపా, పోటా

మా ఇంట్లో ఒంటి బాధకి చాలా మాటలుండేవి. గుచ్చినట్టు వస్తే పోటు. పుండులో కొట్టుకుంటే సలుపు. కీళ్ళు లాగితే పీకు. రోజంతా నిలబడో బరువులు మోసో వచ్చి కూర్చున్నాక పిక్కల్లో, తొడల్లో మెల్లగా తెలిసే నొప్పి పేరు తీపు. "కాళ్ళు తీపులెడతన్నాయి" అని మా అమ్మ అంటే అది ఫిర్యాదు కాదు, ఆ పూటకి పని అయిందని చెప్పడం. అదే మాలో ఎవరైనా పోటు అంటే మాత్రం చేతిలో పని వదిలేసి దగ్గరికొచ్చి చూసేది.

మా నాన్న రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి ఆయన ఇక్కడికి వచ్చేనాటికి నేను ఐదో తరగతి తెలుగులో పూర్తిచేశాను. మా చెల్లెలు ఇక్కడే, రైల్వే క్వార్టర్లో పుట్టింది. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. తనకి తెలుగు మాట్లాడటమే తప్ప చదవటం రాదు. బడి అంతా హిందీ. అందుకని తీపు, తీపి అనే రెండు మాటలూ తన చెవికి ఒకటే. ఏడేళ్ళప్పుడు డ్రిల్లు పీరియడు అయ్యాక టీచరుతో "మేరే పైర్ మీఠే హో గయే" అందట, నా కాళ్ళు తియ్యగా అయిపోయాయని. తరగతి అంతా నవ్విందని ఇంటికొచ్చి ఏడిచింది. అవి రెండూ వేరు మాటలని నేను పలక మీద రాసి చూపించాను. తెలుగు అక్షరాలు రాని పిల్లకి రాసి చూపించడం ఏమిటని నాకు తోచనే లేదు. పైగా హిందీలో కూడా సన్నటి నొప్పిని మీఠా దర్ద్ అంటారు కాబట్టి, తర్వాత ఎవరూ తనని దిద్దలేదు. తన లెక్కలో మంచి నొప్పి తియ్యగా ఉంటుంది, అంతే.

ఎనభైల మొదట్లో నేను ఒక హిందీ దినపత్రికలో పగటి డెస్కు మీద పనిచేసేవాణ్ణి. చెల్లెలు డిగ్రీ అయిపోయి ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేది. బాగా పరిగెత్తేది. రైల్వేలో ఆటగాళ్ళకి కొన్ని ఉద్యోగాలు విడిగా ఉండేవి. అవి ట్రయల్స్ పెట్టి ఇచ్చేవారు. ఆ ఉద్యోగం వస్తే పరుగు కూడా ఉద్యోగంలో భాగమే. రాకపోతే పరుగు అక్కడితో సరి. మా నాన్న తనకి ఒక్క సంవత్సరం ఇచ్చాడు. "ఈ ఏడు నీ ఇష్టం. రాకపోతే బీయెడ్డు ఫారం నింపీ" అన్నాడు. ఆయన మాట ఇచ్చాడంటే అటూ ఇటూ కదలదు.

తనకి పరుగు నేర్పినది ధర్సీవా వైపు నుంచి రోజూ సైకిలు మీద వచ్చే ఒక మాజీ హవల్దారు. ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో భాషలో కేకలు వేసేవాడు కాదు. ఉదయం రైల్వే మైదానంలో ఏడెనిమిది మంది ఆడపిల్లలని పరిగెత్తించి, తొమ్మిదింటికి తిరిగి సైకిలెక్కేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆడపిల్ల ఎవరైనా ఆయనకి నోనీయే, అంటే పాప. మొదటి వారం చెల్లెలు తొడలు పట్టుకుని కూర్చుంటే ఆయన వచ్చి ఏమైందని అడిగాడు.

"మీఠా లగ్ రహా హై, సర్."

 ఆయన తన భాషలో అడిగాడు. "గుర్‌తుర్ పిరాథే?"

గుర్‌తుర్ అంటే వాళ్ళ మాటలో తియ్యన. పిరాథే అంటే నొప్పి పెడుతోంది. తియ్యగా నొప్పెడుతోందా అని. చెల్లెలు తలూపింది. ఆ ప్రశ్న ఆయనకి ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి అక్కడ పరిగెత్తే అందరినీ అదే అడగడం మొదలుపెట్టాడు. గుర్‌తుర్ అంటే ఇంకో రౌండు, కాదంటే కూర్చోవడం. మా ఇంట్లో జరిగిన పొరపాటు ఆ మైదానానికి చట్టమైంది. పిల్లలు దాన్ని ఆటపట్టించేవారు కూడా. "ఏ నోనీ, తేరే పైర్ మే కిత్నీ శక్కర్ హై?" అని, నీ కాళ్ళలో చక్కెర ఎంతుందే అని అరిచేవారు. చెల్లెలు నవ్వి ఇంకో రౌండు వేసేది.

ట్రయల్స్ ఇంకా పన్నెండు రోజులున్నాయనగా, రెండో రౌండు చివరి వంపులో తన కుడి తొడ వెనక కండ పట్టేసింది. నేను అక్కడే కంచె పక్కన ఉన్నాను. పడిపోలేదు. నాలుగు అడుగులు కుంటుతూ వేసి నిలబడింది. హవల్దారు వెళ్ళి అడిగాడు.

"గుర్‌తుర్ పిరాథే, నోనీ?"

చెల్లెలు జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పడం తనకి రాదని కాదు. అది తియ్యనో కాదో తనకే తెలియలేదు.

"అయితే కూర్చో" అన్నాడాయన తన భాషలో. "గుర్‌తుర్ అని నీ నోటితో అన్న రోజు లే."

తర్వాతి నాలుగు రోజులూ తను ఇంట్లోనే ఉంది. అమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టేది. చెల్లెలు గదిలోంచి వంటింటికి కూడా గోడ పట్టుకుని వెళ్ళేది. కూర్చునే ముందు తొడ మీద చెయ్యి వేసి, ఏం జరుగుతుందో అని ఆగేది. పాదం నేల మీద పెట్టకముందే ముఖం ముడుచుకునేది. నొప్పి రాకముందే దానికి ఎదురెళ్ళేది.

"అదేటే, నిన్నటి కన్నా ఎక్కువుందా?" అమ్మ అడిగింది.

"తెలవట్లేదమ్మా."

"తెలవకపోవడమేటి, కాలు నీదే కదా."

"నాదే. అయినా తెలవట్లేదు."

అప్పుడే నేను ఒకటి చూశాను. మూడో రోజు నాకు వారం సెలవు. మధ్యాహ్నం ఎండగా ఉండగానే వాన దబదబా వచ్చింది. పెరట్లో తీగ మీద బట్టలున్నాయి. అమ్మ ఇంట్లో లేదు. చెల్లెలు మంచం మీంచి లేచి, గడప దాటి, తీగ చివరిదాకా పరిగెత్తి, బట్టలన్నీ రెండు చేతులా లాక్కుని అదే పరుగున లోపలికి వచ్చింది. ఒక్క అడుగు కూడా కుంటలేదు. బట్టలు మంచం మీద పడేశాక తొడ గుర్తొచ్చింది. చెయ్యి అక్కడికి వెళ్ళింది. మళ్ళీ గోడ పట్టుకుంది.

 ఆ తీగ నా బుర్రలో ఉండిపోయింది. ఆ నొప్పిలో కండ ఎంత, భయం ఎంత అని మర్నాడు ఆఫీసులో కాపీ దిద్దుతూ కూడా లెక్క కట్టాను. సగం భయమే అని తేల్చుకున్నాను. 

ఆ సాయంత్రమే తనని ఊళ్ళో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన. తొందరలేని మనిషి. తొడ వెనక వేళ్ళతో నొక్కి, కాలు మడిచి, చాపి, తన్నమని, లాగమని చాలాసేపు చూశాడు. తర్వాత కట్టు కట్టమని తనని పక్కగదిలోకి కాంపౌండరు దగ్గరికి పంపించి, నాతో హిందీలో చెప్పాడు. ఆయన మాటలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. కండ చిరిగినట్టు లేదు. ఇది చేత్తో నొక్కి చెప్పే మాట, లోపల చూసి చెప్పే మాట కాదు. పరిగెడతానంటే పరిగెట్టనీ. కాని నొప్పి పదునుగా మారితే ఆ క్షణంలోనే ఆగిపోవాలి. ఆగకపోతే ఆ కాలు మళ్ళీ పరుగుకి పనికిరాకపోవచ్చు.

బయటికి వచ్చాక రిక్షా కోసం నిలబడ్డాం. చెల్లెలు నా ముఖం చూడకుండా రోడ్డు వైపు చూస్తూ అడిగింది.

"ఏటన్నాడు అన్నియ్యా?"

పత్రికలో పనిచేసిన వాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. పేజీలో చోటు చాలకపోతే వార్తని కింది నుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన ఉంటుందని నమ్మకం. కంపోజింగు గదిలోంచి ఫోర్‌మన్ తల బయటపెట్టి "దో లైన్ ఉడాయియే భాయ్‌సాబ్" అంటాడు, రెండు లైన్లు ఎగరగొట్టమని. మనం చూడకుండానే చివరి రెండు లైన్లూ కొట్టేస్తాం. రోజుకి ఇరవైసార్లు చేసే పని. చెయ్యి దానంతట అదే వెళుతుంది.

"చిరగలేదట" అన్నాను. "తీపేనట."

చెల్లెలు నా వైపు తిరిగింది. "తీపే అన్నాడా? అలగే అన్నాడా?"

"హిందీలో అన్నాడు. అర్థం అదే."

 ఇంటి దగ్గర రిక్షా దిగేటప్పుడు కుడికాలే ముందు పెట్టింది.

మర్నాడు ఉదయం హవల్దారు ముందు నిలబడి తనంతట తానే చెప్పింది, గుర్‌తుర్ అని. ఆయన నన్ను చూశాడు. నేను తలూపాను. అక్కడితో నా అబద్ధానికి రెండో సంతకం పడింది.

ఆ వారంలో చెల్లెలు ఎలా మారిందో కళ్ళతో చూసినవాణ్ణి. మొదటి రోజు నడక. రెండో రోజు నెమ్మదిగా పరుగు. నాలుగో రోజుకి తొడ మీద చెయ్యి వెయ్యడం మానేసింది. నొప్పి లేదనలేదు. "ఉంది. తీపే" అనేది, ఎవరో తెలిసినవాళ్ళు ఇంట్లో ఉన్నట్టు. ఆరో రోజు భన్‌పురి వైపు లారీల రోడ్డు పక్కన దుమ్ములో చాలా దూరం పరిగెత్తి వచ్చి, అమ్మ చేసిన ఉప్మా రెండుసార్లు పెట్టించుకుంది.

తనలోంచి తీసేసిన భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. నాలోకి వచ్చి కూర్చుంది. తను మెట్టు దిగుతుంటే నేను మోకాళ్ళు బిగపట్టేవాణ్ణి. తను కాలు చాపితే నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయేది. డాక్టరు చెప్పిన చివరి వాక్యం తెలిసినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ తను షూ లేసులు కట్టుకుంటోంది. ఆ ముఖం చూసి మూసుకున్నాను.

ట్రయల్స్ మా రైల్వే మైదానంలోనే పెట్టారు. ఎనిమిది వందల మీటర్లకి ఏడుగురు అమ్మాయిలు. వాళ్ళలో ముగ్గురిని తీసుకుంటారని ముందే చెప్పారు. సున్నంతో గీతలు వేశారు. రెండు రౌండ్లు. నేను చివరి వంపు దగ్గర, సరిగ్గా తన కండ పట్టేసిన చోట నిలబడ్డాను. 

మొదటి రౌండులో తను నాలుగోది. తొందరపడలేదు. నా ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఊపిరి నిదానంగా ఉంది. గంట కొట్టారు. రెండో రౌండు మొదట్లో ఒకమ్మాయిని దాటింది. ఎదురుగా తిన్నని దారిలో ఇంకొకర్ని దాటింది. రెండోది. ముందున్న అమ్మాయికీ తనకీ మధ్య నాలుగైదు గజాలు. అలా వంపు తిరిగి నా వైపు వస్తోంది.

అప్పుడు ముఖం చూశాను. పెదవి పక్కకి లాక్కుపోయింది. కళ్ళు చిన్నవయ్యాయి. కుడిచెయ్యి కిందికి వచ్చి తొడ మీద ఫటుక్కున ఒక దెబ్బ పడింది. మళ్ళీ ఇంకో దెబ్బ.

నాకు డాక్టరు వేళ్ళు కనిపించాయి. ఆ కాలు మళ్ళీ పనికిరాకపోవచ్చు అన్న మాట వినిపించింది. తను నాకు పది గజాల దూరంలో ఉంది.

"ఆగిపో" అని అరిచాను. "చిరిగిపోద్ది, ఆగిపో."

తన తల నా వైపు తిరిగింది. పరిగెత్తే మనిషి తల పక్కకి తిప్పకూడదని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒక అడుగు చిన్నదైంది. తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు పడింది. నాలుగు రోజులు గోడ పట్టుకుని నడిచినప్పటి ముఖం, అదే ముఖం, నా కళ్ళ ముందే తిరిగి వచ్చింది. తను ఆగలేదు. కుంటుతూ పరిగెత్తింది. వెనక వస్తున్న ఇద్దరు తనని దాటి వెళ్ళారు. గీత దగ్గరికి నాలుగోదిగా చేరింది.

నేను మైదానం అడ్డంగా నడిచి వెళ్ళేసరికి నేల మీద కూర్చుని షూ విప్పుతోంది. హవల్దారు పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"క్యా బోల్ దియే భైయా ఆప్?" ఏం అన్నారు మీరు అని. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. తెలుగులో అరిచిన మాట ఆయనకి అర్థం కాలేదు.

 చెల్లెలు చెప్పింది, హిందీలో, తల ఎత్తకుండా. "చిరిగిపోతుంది అన్నాడు సర్. ఆగమన్నాడు."

"తొడ మీద కొట్టుకున్నావని..." అన్నాను.

"కాలు నిద్రపోతే కొట్టి లేపమని సారు చెప్పినారు. మేమందరం కొట్టుకుంటాం. నువ్వు రోజూ చూస్తావు."

నిజమే. రోజూ చూసేవాణ్ణి. ఆ రోజు చూసినది అది కాదు.

ఆ సాయంత్రం మళ్ళీ అదే డాక్టరు. మళ్ళీ అదే వేళ్ళు. ఏమీ చిరగలేదు, కొంచెం బిగుసుకుందంతే, రెండు రోజుల్లో పోతుందన్నాడు. ఆ మాట వింటే నా గుండె తేలిక పడాలి. పడలేదు. కాలు చిరిగి ఉంటే నేను అరిచిందే సరి అయ్యేది. లోపల ఎక్కడో నేను అదే కోరుకున్నానని గ్రహించి, డాక్టరు గదిలో తలవంచుకుని కూర్చున్నాను.

చెల్లెలు ఐదు రోజులు నాతో మాట్లాడలేదు. ఆరో రోజు నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడింది.

"ఆ డాక్టరు మొదటిసారి ఏటన్నాడు? మొత్తం సెప్పు. ఒక్క ముక్క కొయ్యకు."

మొత్తం చెప్పాను. చేత్తో నొక్కి చెప్పిన మాట అన్నది, పదునుగా మారితే ఆగాలన్నది, చివరి వాక్యం కూడా. 

"ముందే ఎందుకు సెప్పలేదు?"

"చెబితే నువ్వు పరిగెట్టవనుకున్నాను."

"పరిగెట్టీదాన్నో లేదో నాకే తెలీదు. నాకే తెలీనిది నువ్వెలా తేల్చీసినావు?"

నేను సంచి భుజం మీంచి దించాను.

"నువ్వు అరిసీ వరకూ అది తీపే, అన్నియ్యా. నువ్వు చిరుగుద్దన్నావు, అది పోటైపోయింది. అదే కాలు. అదే అడుగు." తను ఏడవలేదు. వార్త చెప్పినట్టు చెప్పింది. "నువ్వు సెప్పినావనే నమ్మినాను. నువ్వే నమ్మలేదని అప్పుడు తెలిసింది."

అప్పటికి నాన్న బీయెడ్ ఫారం తెప్పించి అలమారాలో పెట్టేశాడు. ఆ ఆదివారం ఆయన పెరట్లో సైకిలు గొలుసుకి నూనె వేస్తుంటే పక్కన కూర్చుని, జరిగినదంతా చెప్పాను. దాచినది, అరిచినది, రెండూ. చెల్లెలికి ఇంకో ఏడాది ఇమ్మన్నాను.

ఆయన పెడలు తిప్పుతూ విన్నాడు. గొలుసు ఒక చుట్టు పూర్తిగా తిరిగాక మాట్లాడాడు.

"మా షాపులో ఒక రూలుంది. వ్యాగన్ కింద మనిషి పడుకుని బోల్టు బిగిస్తుంటే పైనున్నోడు మాటాడకూడదు. ఏదైనా కనపడితే దిగి, వాడి కాలు ముట్టుకుని చెప్పాలి. పైనుంచి కేకేసినావనుకో, కిందోడి చెయ్యి జారుద్ది. కేకేసినోడి చెయ్యి బాగానే ఉంటాది."

"తప్పే నాన్నా."

"తప్పో ఒప్పో నాకెందుకు. దానికి ఇంకో ఏడిస్తాను. నువ్వు మాత్రం కేకలెయ్యకు."

ఆ ఫారం అలమారాలోనే ఉంది. చింపలేదు, నింపలేదు.

చెల్లెలు పెట్టిన షరతు వేరు. "కంచె పక్కన నిలబడి చూస్తే నీకు ఎప్పటికీ తెలీదు. నువ్వూ పరిగెట్టు." నాకు అప్పటికి ముప్పై దాటాయి. పగలంతా కుర్చీ, టీలు, పక్కన ఫ్యాను. మొదటి రోజు మైదానం రెండుసార్లు చుట్టేసరికి కడుపులోది నోట్లోకి వచ్చింది. మర్నాడు ఆఫీసు మెట్లు ఎక్కడం ఫరవాలేదు గాని దిగడం రాలేదు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు ఒక్కొక్క మెట్టే దిగాను. ఫోర్‌మన్ చూసి, భాయ్‌సాబ్ ఇవాళ మెట్లని కూడా వెనక నుంచి కోస్తున్నారని నవ్వాడు.

హవల్దారు నన్నూ వదల్లేదు. "గుర్‌తుర్ పిరాథే కా, భైయా?"

మొదట్లో ప్రతిదీ కాదనే అనిపించేది. ప్రతి పట్టూ చిరుగే అనుకునేవాణ్ణి. మెల్లగా తెలిసింది. తీపు రెండు కాళ్ళలోనూ ఉంటుంది, పోటు ఒక్కచోటే ఉంటుంది. తీపు పరిగెడుతుంటే కరుగుతుంది. పోటు పరిగెడుతుంటే కొరుకుతుంది. ఇంకొకటి కూడా తెలిసింది, అది రాయడానికి కొంచెం సిగ్గు. చెల్లెలు పక్కన పరిగెడుతూ "బాగుంది, అలగే రా" అన్న రోజు నా పిక్కలు తక్కువ నొప్పెట్టేవి. తను ఏ పరధ్యానంలోనో నా కాళ్ళ వైపు అనుమానంగా చూసిన రోజు అదే దూరం, అదే వేగం, నడవలేకపోయేవాణ్ణి. పది అడుగుల దూరంలో ఉన్న మనిషి చూపు కండలోకి దిగుతుంది. నేను ఆ వంపులో ఎంత బరువు తన కాలి మీద వేశానో అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు ట్రయల్స్ మళ్ళీ అక్కడే పెట్టారు. ఈసారి ఎనిమిది మంది. మళ్ళీ ముగ్గురినే తీసుకుంటారు. ఇదే తన ఆఖరిసారి అని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఉదయం నేను ఇంట్లోనే ఉండిపోతానన్నాను.

"వద్దు. రా" అంది చెల్లెలు. "అదే వంపులో నిలబడు. పోయినసారి ఎక్కడ నిలబడినావో అక్కడే."

"ఎందుకు?"

"నువ్వు అక్కడ లేకపోతే, అక్కడికొచ్చేసరికి నువ్వున్నావేమో అని సూస్తాను. ఉంటే సూడను." షూ లేసు బిగిస్తూ అంది, "నోరు తెరవకు."

వెళ్ళి నిలబడ్డాను. సున్నం గీతలు కొత్తగా ఉన్నాయి. మొదటి రౌండులో తను ఐదోది. నాకు నచ్చలేదు. గంట కొట్టారు. ఎదురు దారిలో ఇద్దర్ని దాటింది, మూడోది అయింది. నాలుగో అమ్మాయి పొడగరి, తన భుజం దగ్గరే ఉంది, దాటడానికి చూస్తోంది. ఇద్దరూ వంపు తిరిగారు.

అదే ముఖం వచ్చింది. పెదవి పక్కకి లాగింది. చెయ్యి కిందికి వచ్చి కుడి తొడ మీద దెబ్బ పడింది. అది లేపడమా, పట్టుకోవడమా? దూరం నుంచి నిజంగా తెలియలేదు. ఏడాది పాటు పక్కన పరిగెత్తినవాణ్ణి, అయినా తెలియలేదు. మళ్ళీ కొట్టుకుంది. ఒక అడుగు తడబడినట్టు కనిపించింది. కనిపించిందో, నేనే కనిపింపజేసుకున్నానో. ఆ మాట నోటిదాకా వచ్చింది. పళ్ళు కరిచిపట్టాను. కంచె తీగని రెండు చేతులతో పట్టుకున్నాను. అది తన కాలు. ఆగాలంటే తనే ఆగుతుంది. డాక్టరు చెప్పిన ప్రతి వాక్యమూ ఈసారి తనకి తెలుసు.

తను నా ముందు నుంచి వెళ్ళింది. తల తిప్పలేదు. ఊపిరి చప్పుడు వినిపించింది. పొడగరి అమ్మాయి భుజం ముందుకి వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఆఖరి తిన్నని దారిలో నాకు వీపులే కనిపించాయి, ఎవరు ముందో తెలియలేదు. గీత దగ్గర గుంపు మూసుకుంది.

నేను కదల్లేదు. చాలాసేపటికి హవల్దారు సైకిలు నడిపించుకుంటూ నా వైపు వచ్చాడు. మూడు వేళ్ళు చూపించాడు. మూడోది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంకేదో అన్నాడు, నాకు వినిపించలేదు.

చెల్లెలు షూ చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో గడ్డి మీద నడిచి వచ్చింది. కుంటుతోంది, కాని రెండు కాళ్ళూ సమానంగా.

"అరవాలనిపించిందా?" అంది.

"అనిపించింది."

"ఎక్కడ?"

"నువ్వు తొడ మీద కొట్టుకున్నప్పుడు. రెండోసారి."

"మరి?"

నేను దవడ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాను. పళ్ళు ఎంతసేపు కరిచిపట్టానో గాని నోరు సరిగా తెరుచుకోవడం లేదు. "దవడలు నొప్పెడుతున్నాయి" అన్నాను.

చెల్లెలు దగ్గరికి వచ్చి, హవల్దారు మొహం పెట్టి అడిగింది.

"గుర్‌తుర్ పిరాథే కా, భైయా?"

ఒకసారి మింగి చూసుకున్నాను. రెండు వైపులా సమానంగానే ఉంది.

"తీపే" అన్నాను.

"అయితే పద. అమ్మకి నీళ్ళు కాగబెట్టమని సెప్పాలి" అంది. షూ నా చేతికిచ్చి ముందు నడిచింది.